సభ ఎవరిదైనా ముచ్చట మనదే కావాలె

ఒక ప్రాంతం ఓట్లేసి పంపిన సభ్యుడు దూరపు సభలో కూర్చున్నాక ముందుగా ఏ ముచ్చట ఎత్తుతాడు? రెండో ముచ్చట ఏది? ఆఖరుకు నెట్టేసేది ఏది? ఈ వరుస ఒక్కటి చూస్తే చాలు, ఆ మనిషి ఎవరి మనిషో తెలిసిపోతుంది. తన ప్రాంతం ఎజెండాను పట్టుకొని సభకు పోయేవాడు ఒక రకం. సభ ఎజెండాను నెత్తిన మోసుకొని తన ప్రాంతానికి తిరిగొచ్చేవాడు ఇంకో రకం. మొదటి రకం అరుదు. రెండో రకానికి ఏ దేశంలోనూ కొదవ లేదు.

మొదటి రకానికి యూరప్ చూసిన గట్టి ఉదాహరణ స్కాట్లాండ్ బిడ్డ విన్నీ యూయింగ్. 1975 నుంచి 1999 దాకా, 24 ఏండ్లు ఆమె యూరోపియన్ పార్లమెంటులో ఉన్నారు. 2023 జూన్‌లో 93 ఏండ్ల వయసులో కన్నుమూశారు. చనిపోయినంక అందరూ పొగుడుతారు, అది పెద్ద విషయం కాదు. ఆమె ఆ సభలో దేన్ని ముందు పెట్టారు, దేన్ని వెనక్కి నెట్టారు అన్నదే మనకు కావలసిన విషయం.

ఎందుకంటే ప్రాంతాల నుంచి వచ్చే ప్రతి సభ్యుడికీ రాజధానులు ఇచ్చే సలహా ఒకటున్నది. "మీ చేపలు, మీ రోడ్లు, మీ గొర్రెల సబ్సిడీలు మాట్లాడుకోండి. స్వపరిపాలన జెండా మాత్రం గుమ్మం బయట పెట్టి రండి." వినడానికి పెద్దమనిషి తరహా మాట. లోపల విషం. చేపల లెక్క, అధికారం లెక్క రెండూ వేరువేరు అని నమ్మించడమే ఈ సలహా పని. రెండూ ఒకే లెక్క అని 24 ఏండ్లు సభలో నిలబడి చూపించిన మనిషి కథ ఇది.

ఓడిన ఏడాదే గెలిచిన మనిషి

స్కాట్లాండ్‌కు ఒకప్పుడు సొంత పార్లమెంటు ఉండేది. 1707లో ఇంగ్లండ్‌తో విలీనమై ఆ సభ మూతపడ్డది. ఆ తర్వాత దాదాపు మూడు వందల ఏండ్లు స్కాట్లాండ్ చట్టాలు లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్‌లోనే తయారైనయి. అక్కడ స్కాట్లాండ్ సభ్యులు లేక కాదు. డజన్లకొద్దీ ఉన్నారు. కానీ వాళ్ళు లేబర్ సభ్యులు, కన్జర్వేటివ్ సభ్యులు, లిబరల్ సభ్యులు. పార్టీ విప్ ఎటు చూపిస్తే అటు చెయ్యెత్తే సభ్యులు. స్కాట్లాండ్ అన్నది వాళ్ళ చిరునామా మాత్రమే.

1967 నవంబర్ 2న హామిల్టన్ ఉప ఎన్నిక జరిగింది. లేబర్ పార్టీకి అది కంచుకోట. స్కాటిష్ నేషనల్ పార్టీ, అంటే ఎస్.ఎన్.పి., తరఫున నిలబడ్డ లాయరమ్మ విన్నీ యూయింగ్ 1,799 ఓట్ల ఆధిక్యంతో ఆ కోటను బద్దలు కొట్టారు. "ప్రపంచాన్ని ఆపండి, స్కాట్లాండ్ ఎక్కాలనుకుంటున్నది" అని ఆమె అన్న మాట అప్పటి నుంచే నానుడి అయింది. ఆ మాటలో అడుక్కోవడం లేదు. బండి మాది కూడా, ఎక్కే హక్కు మాకున్నది అన్న ధీమా ఉన్నది.

1970లో ఆమె ఓడిపోయారు. 1974 ఫిబ్రవరిలో మోరే అండ్ నైర్న్ స్థానంలో, లండన్ కేబినెట్‌లో స్కాట్లాండ్ వ్యవహారాలు చూసే మంత్రినే ఓడించి మళ్ళీ గెలిచారు. 1974 అక్టోబర్‌కల్లా ఎస్.ఎన్.పి.కి 11 మంది ఎంపీలు, స్కాట్లాండ్ ఓట్లలో 30 శాతం. అప్పుడు కదిలింది లండన్. స్కాట్లాండ్‌కు ఒక అసెంబ్లీ ఇస్తామన్నది, రెఫరెండం పెడతామన్నది. ఇక్కడే అసలు మెలిక. ఓటేసిన వాళ్ళలో సగం మంది 'అవును' అంటే చాలదట. మొత్తం ఓటర్ల జాబితాలో 40 శాతం మంది 'అవును' అనాలట! అంటే ఓటుకు రాని వాడు, ఊళ్ళో లేని వాడు కూడా 'వద్దు' అన్నట్టే లెక్క. 1979 మార్చి 1న ఓటేసిన వాళ్ళలో 51.6 శాతం అవునన్నారు. జాబితా మీద లెక్కగడితే అది 32.9 శాతం. అసెంబ్లీ గాలికి పోయింది.

ఆ కోపంతో ఎస్.ఎన్.పి. ఎంపీలు అదే నెల 28న లేబర్ ప్రభుత్వం మీద అవిశ్వాసానికి ఓటేశారు. 310కి 311. ఒక్క ఓటుతో ప్రభుత్వం కూలింది. వెంటనే వచ్చిన ఎన్నికల్లో ఆ పార్టీ 11 నుంచి 2కు పడిపోయింది. యూయింగ్ సీటు కూడా పోయింది. ఒక ఉద్యమ పార్టీకి ఇంతకన్నా పెద్ద దెబ్బ ఏముంటుంది? పని అయిపోయింది, జెండా చుట్టి అటక మీద పెట్టుకోండి అన్నారు అందరూ.

నెల తిరిగేసరికి, 1979 జూన్‌లో, యూరోపియన్ పార్లమెంటుకు మొట్టమొదటి ప్రత్యక్ష ఎన్నికలు వచ్చాయి. అంతకుముందు నాలుగేండ్లు వెస్ట్‌మినిస్టర్ నామినేట్ చేసిన సభ్యురాలిగా అక్కడ పనిచేసిన యూయింగ్, ఈసారి జనం ఓటుతో పోదామని హైలాండ్స్ అండ్ ఐలాండ్స్ నియోజకవర్గంలో నిలబడ్డారు. స్కాట్లాండ్ భూభాగంలో సగం దాకా ఆ ఒక్క నియోజకవర్గమే. కొండలు, దీవులు, చేపల రేవులు, చిన్న చిన్న కౌలు కమతాలు. పేరున్న లిబరల్ నాయకుడు రస్సెల్ జాన్‌స్టన్‌ను ఓడించి గెలిచారు. 1984లో గెలిచారు, 1989లో గెలిచారు, 1994లో గెలిచారు. లండన్ సభలో తలుపు మూస్తే స్ట్రాస్‌బర్గ్ సభలో తలుపు తట్టిన మనిషి ఆమె.

'వదిలేసుకోదగినవాళ్ళు'

ఆ నియోజకవర్గం బతుకులో మొదటి ముచ్చట చేపలు. కాబట్టి ఆమె ఎజెండాలో కూడా మొదటి ముచ్చట చేపలే. దీన్ని చూసి నవ్వినవాళ్ళున్నారు. యూరప్ భవిష్యత్తు మాట్లాడే సభలో హెర్రింగ్ చేపల గొడవ ఏమిటని. వాళ్ళకు సమాధానం 1970 నాటి ఫైళ్ళలోనే ఉన్నది.

బ్రిటన్, ఐర్లాండ్, డెన్మార్క్, నార్వే యూరోపియన్ కమ్యూనిటీలో చేరడానికి 1970 జూన్ 30న చర్చలు మొదలుకావాలి. సరిగ్గా ఆ ముంగిట, అప్పటికి సభ్యులుగా ఉన్న ఆరు దేశాలు ఒక ఒప్పందానికి వచ్చాయి. సభ్య దేశాల సముద్ర జలాల్లో అందరి పడవలకూ సమాన ప్రవేశం. కొత్తగా చేరేవాళ్ళ దగ్గరేమో చేపలు నిండిన సముద్రం ఉన్నది. ఇంట్లోకి వచ్చే కోడలు పెట్టె తాళం ముందే మార్చుకున్నట్టు!

మరి లండన్ ఏం చేసింది? స్కాట్లాండ్ మత్స్యకారుల గురించి ఆ ఏడాదే ఒక అధికారి నోట్ రాశాడు. మొత్తం బ్రిటన్ ప్రయోజనాల కోణంలో చూస్తే వీళ్ళను వదిలేసుకోదగినవాళ్ళుగానే భావించాలి అని దాని సారాంశం. ఈ నోట్ ముప్ఫై ఏండ్ల గడువు దాటి 2001లో బయటపడ్డది. ఇది రాసింది ఎవరో ఇంగ్లండ్ శాఖ అనుకునేరు. స్కాట్లాండ్ బాగోగులు చూడటానికే పెట్టిన స్కాటిష్ ఆఫీసు! ఉద్యోగ మిత్రులు ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. మీ ప్రాంతం పేరుతో ఉన్న శాఖ మీ ప్రాంతం పని చేస్తుందని గ్యారంటీ లేదు. జీతం ఎవరు ఇస్తే నోట్ వాళ్ళ కోసమే రాస్తుంది.

1973 జనవరి 1న బ్రిటన్ చేరింది. 1975లో, ఉండాలా వద్దా అని రెఫరెండం పెట్టారు. దేశమంతా ఉందామన్నది. వద్దన్నవి రెండే రెండు ప్రాంతాలు. షెట్లాండ్ దీవులు 56.3 శాతం, పశ్చిమ దీవులు 70.5 శాతం. రెండూ స్కాట్లాండ్ దీవులే, రెండూ తర్వాత యూయింగ్ నియోజకవర్గంలో భాగమే. అప్పుడు ఎస్.ఎన్.పి. కూడా వద్దనే చెప్పింది.

దీవులు చెప్పిన పాఠం

ఇప్పుడు ఉత్తర సముద్రంలో మిగతా వాళ్ళ సంగతి చూడండి. నార్వే జనాభా అప్పుడు 40 లక్షలు. స్కాట్లాండ్ కన్నా తక్కువ. 1972లో రెఫరెండం పెట్టుకొని చేరం పొమ్మన్నది. చేపల సమస్య అందులో పెద్ద కారణం. నార్వే సొంత దేశం కాబట్టి సరే అనుకుందాం.

ఫారో దీవులు? డెన్మార్క్ రాజ్యంలో భాగం. జనాభా అప్పుడు 50 వేలు కూడా లేదు. కానీ 1948 నుంచి స్వపరిపాలన ఉన్నది. 1973లో డెన్మార్క్ చేరితే ఫారో చేరలేదు. మా సముద్రం మాది అన్నది. డెన్మార్క్ సరేనన్నది.

గ్రీన్‌లాండ్? అది కూడా డెన్మార్క్ కిందిదే. జనాభా 50 వేల చిల్లర. 1973లో స్వపరిపాలన లేదు కాబట్టి ఇష్టం లేకపోయినా డెన్మార్క్ వెంట పోవాల్సి వచ్చింది. 1979లో స్వపరిపాలన వచ్చింది. 1982లో రెఫరెండం పెట్టుకున్నది. 1985లో బయటికి వచ్చేసింది. ఇక్కడ కూడా గొడవ చేపలదే.

షెట్లాండ్? వద్దని ఓటేసింది. అయినా ఉండాల్సి వచ్చింది.

అదే సముద్రం, అదే చేప, అదే వల. తేడా ఎక్కడున్నది? నిర్ణయం చేసే అధికారం ఎవరి చేతిలో ఉన్నది అన్న దాంట్లో ఉన్నది. ఫారో జాలరికి స్వపరిపాలన ఉన్నది, షెట్లాండ్ జాలరికి లేదు. "చేపలు మాట్లాడండి, స్వపరిపాలన మాట్లాడకండి" అనే వాళ్ళు ఈ లెక్క చెప్పాలి. స్వపరిపాలన తీసేసి చేపల గురించి మాట్లాడితే మిగిలేది దరఖాస్తు మాత్రమే.

ఒక్కతె ఏం చేయగలదు?

1979లో యూరోపియన్ పార్లమెంటులో 410 సీట్లు. బ్రిటన్‌కు 81. అందులో స్కాట్లాండ్‌కు 8. ఆ ఎనిమిదిలో స్వపరిపాలన జెండా పట్టుకున్నది ఒక్కరే. 410 మందిలో ఒక్కతె. పైగా ఆ సభకు అప్పుడు పళ్ళు కూడా సరిగా రాలేదు. బడ్జెట్‌ను తిప్పికొట్టగలదు, కమిషన్‌ను దించగలదు. చట్టాల విషయంలో సలహా చెప్పడమే దాని పని. మాట చెల్లుబాటయ్యేది ప్రభుత్వాల మంత్రులు కూర్చునే కౌన్సిల్‌లో. ఇక ఒక్క సభ్యురాలు ఏం సాధిస్తుందని ఎగతాళి చేసేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

ఏం చేసిందో చూడండి. మొదటి పని, పార్టీల పెద్ద గుంపులకు లొంగకుండా తన మాట తనకు మిగిలే చోట కూర్చున్నది. మొదట ఐర్లాండ్ ఫియానా ఫాయిల్, ఫ్రాన్స్ గాలిస్టులు ఉన్న గ్రూపులో చేరింది. 1989 తర్వాత చిన్న జాతుల, ప్రాంతాల పార్టీలున్న రెయిన్‌బో గ్రూపులోకి మారింది. కుడివైపు కూర్చున్నావా, ఎడమవైపు కూర్చున్నావా అని అడిగిన వాళ్ళకు ఆమె నడకే జవాబు. కుర్చీ ఎక్కడున్నా ముచ్చట హైలాండ్స్‌దే.

రెండో పని, కమిటీ. ఉపన్యాసాలు పత్రికలకు పనికొస్తాయి, పనులు కమిటీల్లో అవుతాయి. 1984 ఎన్నికల తర్వాత యువజన, సంస్కృతి, విద్యా కమిటీకి ఆమె అధ్యక్షురాలయ్యారు. ఒక దేశం విద్యార్థి ఇంకో దేశం యూనివర్సిటీలో కొంతకాలం చదువుకునే ఎరాస్మస్ పథకం రూపుదిద్దుకున్నది ఆ రోజుల్లోనే. 1987లో అది అమల్లోకి వచ్చింది. విద్యార్థి మిత్రులు గమనించాలి. చేపల రేవుల నుంచి వచ్చిన ప్రాంతీయ సభ్యురాలు చేపల దగ్గరే ఆగిపోలేదు. తన ప్రాంతం కోసం నిలబడే మనిషికి ప్రపంచం కనపడదనేది రాజధానులు పుట్టించిన అబద్ధం.

మూడో పని, సభను తన గడ్డ మీదికి తీసుకురావడం. ఆఫ్రికా, కరీబియన్, పసిఫిక్ దేశాలతో యూరప్‌కు లోమే ఒప్పందం ఉండేది. అరవైకి పైగా దేశాలు అందులో ఉండేవి. ఆ దేశాల ప్రతినిధులు, యూరోపియన్ సభ్యులు కలిసి కూర్చునే ఉమ్మడి సభను 1985లో ఆమె హైలాండ్స్ పట్టణం ఇన్వర్‌నెస్‌లో జరిపించారు. ఇందులో ఎంత పెద్ద మాట దాగి ఉన్నదో! ఆ ఒప్పందంలో లక్ష జనాభా కూడా లేని టువాలు లాంటి దీవులు సొంత జెండాతో, సొంత సంతకంతో సభ్యులుగా ఉన్నాయి. ఆతిథ్యం ఇచ్చిన స్కాట్లాండ్‌కు, 50 లక్షలు దాటిన జనాభాతో, ఆ బల్ల దగ్గర సొంత సంతకం లేదు. ఏ ఉపన్యాసం ఇంత గట్టిగా చెప్పగలదు?

నాలుగో పని, పేరు. యూరప్‌లో ఆమెను 'మదామ్ ఎకోస్' అన్నారు. ఫ్రెంచ్ భాషలో 'స్కాట్లాండ్ అమ్మ' అన్నట్టు. బ్రిటన్ సభ్యురాలు అని ఎవరూ అనలేదు. 81 మంది బ్రిటన్ సభ్యుల్లో ఎంతమంది పేర్లు వాళ్ళ ప్రాంతం పేరుగా మారినయి? లేని దేశానికి మనిషి రూపంలో ఒక చిరునామా తయారైంది.

నిధులిస్తాం, నోరు మూసుకో

ఇక అసలు ఉచ్చు. ప్రాంతీయ సభ్యుడిని మచ్చిక చేసుకోవడానికి రాజధానుల దగ్గరున్న గట్టి ఎర ప్యాకేజీ. యూరప్‌లో ఆ ప్యాకేజీ పేరు ఆబ్జెక్టివ్ 1. తలసరి ఉత్పత్తి యూరప్ సగటులో 75 శాతానికి తక్కువ ఉన్న వెనుకబడ్డ ప్రాంతాలకు పెద్ద నిధులిచ్చే పథకం. 1994 నుంచి 1999 దాకా హైలాండ్స్ అండ్ ఐలాండ్స్‌కు అది దక్కింది. రోడ్లు, రేవులు, వంతెనలు బాగుపడ్డాయి. మంచిదే. ఎవరు కాదన్నారు?

కానీ ఒక్క ప్రశ్న. స్కాట్లాండ్ ఒడ్డునే ఉత్తర సముద్రం నూనె 1970ల నుంచి పొంగుతుంటే, ఆ పన్ను లండన్ ఖజానాకు పోతుంటే, అదే తీరంలో ఒక ప్రాంతం యూరప్‌లో వెనుకబడ్డ ప్రాంతాల జాబితాకు ఎందుకు ఎక్కింది? నిధి వచ్చిందని సంబరపడే ముందు, నిధి కోసం చెయ్యి చాచాల్సిన గతి ఎందుకొచ్చిందని అడగాలా వద్దా? ప్యాకేజీకి గడువు ఉంటుంది. 1999 దాటగానే హైలాండ్స్ ఆ జాబితాలోంచి పోయింది, అంచెలంచెలుగా తగ్గే సాయమే మిగిలింది. అధికారానికి అట్లాంటి గడువు ఉండదు. నిధి ఇచ్చినవాడు రేపు ఆపగలడు. అధికారం ఉన్నవాడు రేపటి బడ్జెట్ తానే రాసుకుంటాడు.

యూయింగ్ గొప్పతనం ఇక్కడ కనపడుతుంది. వచ్చే పైసను ఆమె కాదనలేదు. రోడ్డు కోసం, రేవు కోసం, చిన్నరైతు కోసం పైరవీ చేయడానికి సిగ్గుపడలేదు. కానీ దానికి ధరగా తన నోరు అమ్ముకోలేదు. జనం ఆకలి మాట్లాడకుండా జెండా మాత్రమే ఊపేవాడిని జనం నమ్మరు. ఆకలి మాత్రమే మాట్లాడి జెండా దించేవాడిని రాజధాని కొనేస్తుంది. ఈ రెండు గుంటల మధ్య నడవడమే ప్రాంతీయ ప్రతినిధి పని.

ఆమె పార్టీ 1975లో యూరప్ వద్దని, 1988లో 'యూరప్‌లో స్వతంత్ర స్కాట్లాండ్' అన్నది కదా, ఇది అవకాశవాదం కాదా అని దెప్పేవాళ్ళున్నారు. కాదు. 1975లో అడిగిన ప్రశ్న, మమ్మల్ని అడగకుండా మా సముద్రాన్ని ఎట్లా రాసిస్తారు అని. 1988లో అడిగింది, మా సముద్రం గురించి మాట్లాడే బల్ల దగ్గర మాకు కుర్చీ ఏది అని. ప్రశ్న ఒక్కటే. పదమూడేండ్లు సభ లోపలి నుంచి చూసినంక, బయట ఉండి అరవడం కన్నా బల్ల దగ్గర కూర్చోవడం మేలని అర్థమైంది. అంతే.

సీట్ల లెక్క చూడండి

ఉద్యోగ మిత్రులకు అంకెలంటే ఇష్టం కాబట్టి ఈ లెక్క కూడా చెప్పుకుందాం. 1979లో స్కాట్లాండ్ జనాభా 52 లక్షల దాకా. యూరోపియన్ పార్లమెంటులో 8 సీట్లు. డెన్మార్క్ జనాభా 51 లక్షలు. 16 సీట్లు. ఐర్లాండ్ జనాభా 34 లక్షల దరిదాపు. 15 సీట్లు. లక్సెంబర్గ్‌కు 4 లక్షలు కూడా లేరు. 6 సీట్లు.

తర్వాత బాగుపడ్డదా? 2019 ఎన్నికల నాటికి స్కాట్లాండ్ జనాభా 54 లక్షలు, సీట్లు 6. మాల్టా జనాభా 5 లక్షలు, సీట్లు 6! పదింతల జనం, అన్నే సీట్లు. ఎందుకు? మాల్టా ఒక రాజ్యం, స్కాట్లాండ్ ఒక రాజ్యంలో ముక్క. అంతే తేడా. ఆ ఆరింటిలో ఎస్.ఎన్.పి. మూడు గెలిచింది. అయినా ఏటా డిసెంబర్‌లో చేపల కోటాలు తేల్చే మంత్రుల కౌన్సిల్‌లో మాల్టా మంత్రి మాల్టా తరఫున కూర్చుంటాడు. బ్రిటన్ పట్టే చేపల్లో సగానికి పైగా దించే స్కాట్లాండ్ మంత్రి మాత్రం అప్పట్లో పోతే లండన్ మంత్రి వెనక పోవాల్సి వచ్చేది, లండన్ ఒప్పుకున్న మాటే మాట్లాడాల్సి వచ్చేది.

ఇది స్కాట్లాండ్ ఒక్కదాని బాధ అనుకుంటే స్పెయిన్‌లో కటలోనియాను చూడండి. కటలాన్ భాష తెలిసినవాళ్ళు 90 లక్షలకు పైనే. అది యూరోపియన్ యూనియన్ అధికార భాషల్లో లేదు. 5 లక్షల మంది మాల్టీస్ ఉన్నది. అధికార హోదా కోసం స్పెయిన్ ప్రభుత్వం 2023 ఆగస్టులో దరఖాస్తు పెట్టింది. అది కూడా మాడ్రిడ్‌లో గద్దె నిలబెట్టుకోవడానికి కటలాన్ పార్టీల ఓట్లు కావలసి వచ్చినప్పుడు! అన్ని దేశాలూ ఒప్పుకోవాలి కాబట్టి 2025 మేలో కూడా నిర్ణయం వాయిదా పడ్డది. 2019లో కటలాన్ నేత ఊరియోల్ జుంకెరాస్ జైలు నుంచే యూరోపియన్ పార్లమెంటుకు గెలిచాడు. ఫలితం ప్రకటించిన క్షణం నుంచే సభ్యుడి రక్షణ ఉంటుందని యూరప్ న్యాయస్థానం 2019 డిసెంబర్ 19న తీర్పు చెప్పింది. అప్పటికే స్పెయిన్ కోర్టు 13 ఏండ్ల శిక్ష వేసేసింది. ఆయన ఆ సభలో కూర్చోనే లేదు. జనం ఓటు వేసినా రాజ్యం తలుపు తీయకపోతే కుర్చీ దాకా చేరలేం అనడానికి ఇంకేం సాక్ష్యం కావాలి?

సభకే పోవద్దంటారా?

ఇదంతా చూసి కొందరు ఆవేశపరులు, ఆ సభలే వద్దు, బహిష్కరిద్దాం అంటారు. వాళ్ళ కోపం అర్థం చేసుకోదగింది. కానీ ఐర్లాండ్ షిన్ ఫేన్ పార్టీని చూడండి. బ్రిటన్ రాజుకు విధేయత ప్రమాణం చేయం అని వెస్ట్‌మినిస్టర్‌లో గెలిచిన సీట్లలో కూడా కూర్చోదు. అదే పార్టీ యూరోపియన్ పార్లమెంటులో మాత్రం కూర్చుంటుంది. ఎక్కడ కూర్చోవడం తల వంచడం అవుతుందో, ఎక్కడ కూర్చోవడం తల ఎత్తడం అవుతుందో తేల్చుకోవడమే రాజకీయం. బహిష్కారం కూడా ఒక ఆయుధమే. ఆయుధం ఎప్పుడు తీయాలో తెలియకపోతే అది మన కాలికే తగులుతుంది.

యూయింగ్ కూర్చున్నారు. కూర్చున్న ప్రతి రోజూ, ఈ సభ నా పనికి సగమే సరిపోతుంది, మిగతా సగానికి నా గడ్డ మీద సభ కావాలి అని గుర్తు చేశారు. అది ఫలించింది. 1997 రెఫరెండంలో 74.3 శాతం అవునన్నారు. 1999 మే 12న ఎడిన్‌బరోలో స్కాట్లాండ్ పార్లమెంటు తెరుచుకున్నది. వయసులో అందరికన్నా పెద్దగా అధ్యక్ష స్థానంలో కూర్చున్నది ఎవరు? విన్నీ యూయింగే. 1707 మార్చి 25న వాయిదా పడ్డ స్కాటిష్ పార్లమెంటు ఇప్పుడు తిరిగి సమావేశమైందని ప్రకటించారు. 292 ఏండ్ల వాయిదా! మూతపడ్డది అని ఆమె అనలేదు చూడండి. వాయిదా పడ్డది అన్నారు. హక్కు చచ్చిపోదు, వాయిదా పడుతుంది అంతే.

లెక్క ఇంకా తెగలేదు

అయితే కథ సుఖాంతం అనుకుంటే మోసపోతాం. ఆ పార్లమెంటుకు చదువు, ఆరోగ్యం లాంటివి ఉన్నాయి కానీ విదేశీ వ్యవహారాలు లేవు. 2014 స్వాతంత్ర్య రెఫరెండంలో 55.3 శాతం వద్దన్నారు. జనం తీర్పును గౌరవించాల్సిందే. కానీ ఆ ప్రచారంలో వినపడ్డ ఒక వాదన, బ్రిటన్‌లో ఉంటేనే యూరప్‌లో ఉంటారు అని. రెండేండ్లకు, 2016లో, స్కాట్లాండ్ 62 శాతం యూరప్‌లో ఉందామన్నది. 32 జిల్లా కౌన్సిళ్ళలో ఒక్కటి కూడా తప్పకుండా అన్నీ అదే చెప్పాయి. అయినా 2020 జనవరి 31న బయటికి లాగేశారు. 1975లో షెట్లాండ్ వద్దంటే లోపలికి. 2016లో స్కాట్లాండ్ ఉంటానంటే బయటికి. ఆ రోజుతో స్కాట్లాండ్ ఆరు సీట్లు పోయాయి. కమిటీలు పోయాయి. ఎరాస్మస్ నుంచి కూడా లండన్ తప్పుకున్నది.

బయటికి వస్తే చేపలన్నీ మనవే అన్నారు కదా? 2025 మే 19న లండన్ యూరప్‌తో కొత్త ఒప్పందం చేసుకున్నది. బ్రిటన్ జలాల్లో యూరప్ పడవల ప్రవేశాన్ని 2038 దాకా పొడిగించింది. మమ్మల్ని అడగలేదని ఎడిన్‌బరో ప్రభుత్వం నిరసన చెప్పింది. 1970లో ఫైల్ మీద రాసుకున్నారు. 2025లో రాయాల్సిన అవసరం కూడా లేకపోయింది. మళ్ళీ ఎప్పుడు రెఫరెండం పెట్టుకోవాలో కూడా ఎడిన్‌బరో సొంతంగా తేల్చుకోలేదని బ్రిటన్ సుప్రీంకోర్టు 2022 నవంబర్‌లో చెప్పేసింది. యూరప్‌లో ఉన్నప్పుడు కనీసం స్ట్రాస్‌బర్గ్‌లో లేచి నిలబడి, ఇది అన్యాయం అని ప్రపంచానికి వినపడేట్టు చెప్పే ఆరుగురు ఉండేవారు. ఇప్పుడు ఆ మైకు కూడా లేదు.

కాబట్టి ఓటు అడగడానికి వచ్చే ప్రతినిధిని, అది ఏ సభ అయినా సరే, ఎంత దూరం అయినా సరే, నిలదీయాల్సింది వరుస గురించే. విప్ ఒక వైపు, మా ఊరు ఒక వైపు అయిన రోజు ఎటు చెయ్యెత్తుతావు? నిధి తెస్తానంటున్నావు సరే, ఆ నిధి మంజూరు చేసే అధికారం ఇక్కడికి ఎప్పుడు తెస్తావు? మా వాళ్ళను 'వదిలేసుకోదగినవాళ్ళు' అని ఫైల్ మీద రాసిన రోజు ఆ గదిలో ఉంటావా, ఉంటే లేచి అరుస్తావా, లేక ముప్ఫై ఏండ్ల తర్వాత పత్రికల్లో చదివి ఆశ్చర్యపోతావా?

ఈ ప్రశ్నలకు 24 ఏండ్లు జవాబు చెప్పిన మనిషి ఒకరు పోయారు. ప్రశ్నలు పోలేదు. షెట్లాండ్ రేవులో పడవలు ఇంకా ఉన్నాయి. వాటి కోటా ఇంకా వేరే ఊళ్ళోనే తేలుతున్నది.